మిషన్ల మాటే వినే మనిషి

మా పైవాటాలో ఉండే మిషన్ల డాక్టరుకు ఉన్నది చెముడా, పొగరా అన్న విషయం మీద ఆ నెలరోజుల్లో నేను నాలుగుసార్లు మనసు మార్చుకున్నాను. ఇప్పటికీ పూర్తిగా తేలిందని చెప్పలేను. తేలినంతవరకు చెబుతాను.

డాక్టరంటే మనుషుల డాక్టరు కాదు. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పొద్దున పూట రెడీమేడ్ బట్టల కంపెనీలో మెకానిక్కు. మూడింటికి షిఫ్టు దిగి ఇంటికొచ్చాక, పైవాటా ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని బయటివాళ్ల మిషన్లు చూస్తాడు. వీధివాళ్లు అతనికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఎవరైనా మిషన్ తెస్తే వెంటనే విప్పడు. చక్రం తిప్పమంటాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను మిషన్ ఒంటికి ఆనించి, పిడిని తన చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, కళ్లు మూసుకుంటాడు. అర నిమిషం తర్వాత కళ్లు తెరిచి, "కింది గేరులో ఒక పన్ను అరిగింది" అంటాడు. విప్పి చూస్తే సరిగ్గా అదే పన్ను. నా కళ్లారా చూశాను, ఒకసారి కాదు. అటువంటి మనిషికి చెవులు లేవని ఎవరైనా అంటే, అన్నవాళ్ల తలకాయే ఒకసారి విప్పి చూడాలనిపిస్తుంది.

మనిషికి ఏభై దాటలేదు. సన్నగా, ముందుకు కాస్త వంగి ఉంటాడు. మాట చాలా మెత్తన. ఆ మెత్తదనం చూసే నేను అతన్ని మర్యాదస్థుడని పదేళ్లుగా నలుగురికీ చెబుతూ వచ్చాను.

భార్య టెయిలరు. వెనకగదిలో ఆమె కాలిమిషన్. ఇద్దరూ ఒకప్పుడు ఆ కంపెనీలోనే పనిచేశారు. పెళ్లికి ముందు ఆ లైనులో ఉన్న నలభై మిషన్లలో ఈమె మిషనే వారానికి మూడుసార్లు పాడయ్యేదట. ఎందుకు పాడయ్యేదని నేను ఎన్నిసార్లు అడిగినా, "పాతమిషన్ పిన్నిగారూ" అని దారం కొరుక్కుంటూ ఉండిపోయేది.

అటువంటి మనిషి ఒకరోజు మధ్యాహ్నం నేను కుట్టమని ఇచ్చిన దిండు గలీబులు పట్టుకుని దిగింది. ఇవ్వాల్సింది నాలుగు రోజుల తర్వాత.

"అప్పుడే అయ్యాయా అమ్మాయ్?"

"చేతిలో ఉన్నవన్నీ ముగించేస్తున్నా పిన్నిగారూ. నెలాఖరుకి మా అక్క దగ్గరికి వెళ్లిపోతున్నా."

"ఎన్నాళ్లకి?"

"చూస్తా."

చూస్తా అన్న మాట నాకు నచ్చలేదు. కుర్చీ లాగి కూర్చోబెట్టాను. కూర్చోబెట్టాక ఎవరైనా నా దగ్గర చెప్పకుండా లేవడం కష్టం. అక్కకు బస్సులో రెండు గంటల దూరంలో కుట్టు షాపుంది. కటింగ్ చేసే మనిషి మానేసింది. నువ్వు వచ్చి ఉండిపో అని ఆరు నెలలుగా పిలుస్తోంది.

"మరి మీ ఆయన ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోవడం ఏంటి? వద్దన్నాడా, సరేనన్నాడా?"

"ఏమీ అనలేదు పిన్నిగారూ. మూడుసార్లు అడిగా. భోజనం చేస్తుంటే అడిగా. మూడుసార్లూ తలెత్తకుండా తింటూనే ఉన్నారు. మీ ఇష్టమేదో చెప్పండి, వెళ్లనా, ఉండనా అని కూడా అడిగా. ముద్ద మింగి నీళ్లు తాగారు. నాలుగోసారి అడగడానికి నాకూ సిగ్గుంటుంది కదా."

నేను వెంటనే, "చెవులు సరిగా వినబడుతున్నాయో లేదో చూడు ముందు" అన్నాను. అప్పటికి నాకు అందులో నమ్మకమేమీ లేదు. నోటికొచ్చింది.

ఆమె నవ్వింది. ఏడవబోయే మనిషి నవ్వే నవ్వు అది. "ఆయనకా? ఆయన తినేది ఆ చెవుల మీదే కదా. రెండేళ్లయింది పిన్నిగారూ నాతో సరిగా మాట్లాడి. పిలిస్తే పలకరు. చెబితే జవాబుండదు. కంపెనీలో మాత్రం అందరితో కబుర్లేనట, అక్కడి అమ్మాయిలు చెబుతారు. నా దగ్గరే నోరు రాదు. వినబడక కాదు. వినాలని లేదు."

నేను ఆమెను ఓదార్చాల్సింది. ఓదార్చకుండా ఆలోచనలో పడ్డాను. ఎందుకంటే మా ఆయన కూడా అంతే. మా ఆయన చెవులకు ఏ లోటూ లేదు, పక్కింట్లో పళ్లెం పడితే ఏ పళ్లెమో చెబుతాడు. నేను పిలిస్తే మాత్రం పేపరు తిప్పుతాడు. నలభై ఏళ్లుగా దీన్ని నేను మగవాళ్ల తత్వం అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు పైవాటావాడిది తత్వమా, జబ్బా అని ఎవరు తేల్చాలి? ఆ మనిషి పెట్టె సర్దుకుంటోంది. నెలాఖరుకు ఇరవై రెండు రోజులుంది.

మర్నాడు సాయంత్రమే నేను పైకెక్కాను. పైవాటా నేలంతా చెక్క పలకలు, అడుగు వేస్తే కిర్రుమంటాయి. అతను బల్ల దగ్గర, గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. మోచేతులు బల్ల మీద ఉన్నాయి. నేను గుమ్మంలోనే ఆగి మామూలు గొంతుతో, "ఏమయ్యా, మీ ఇంట్లో పాము దూరింది" అన్నాను. కదల్లేదు. చెముడు ఖాయం అనుకున్నాను. ఒక అడుగు లోపలికి వేశానో లేదో, వెనక్కి తిరక్కుండానే, "రండి పిన్నిగారూ, కూర్చోండి" అన్నాడు మెత్తగా.

నేను అక్కడే నిలబడిపోయాను. పాము మాట వినబడలేదు, పిన్ని మాత్రం వినబడింది.

ఇంకో సంగతి కూడా నన్ను తికమక పెట్టింది. చెముడున్నవాళ్లు అరుస్తారు. మా మేనమామ ఉండేవాడు, నోరు విప్పితే వీధి చివరి వరకూ తెలిసేది. తనకు వినబడదు కాబట్టి ఎదుటివాళ్లకూ వినబడదనుకుని అరిచేవాడు. ఈ డాక్టరు చూస్తే పూలు కోసినట్టు మాట్లాడతాడు. ఇదెక్కడి చెముడు?

రెండు రోజుల తర్వాత అతను భోజనం డబ్బా మరచిపోయి కంపెనీకి వెళ్లాడు. ఆమె బిగుసుకుపోయి కూర్చుంది, తను తీసుకెళ్లనంది. నేను తీసుకెళ్లాను. ఆరా తీయడానికి అంతకన్నా మంచి వంక ఎక్కడ దొరుకుతుంది? ఆ హాలు గుమ్మంలో అడుగుపెడితే నా పళ్లు కదిలిపోయాయి. అరవై మిషన్లు ఒక్కసారిగా తిరుగుతున్నాయి. పక్కనున్న అమ్మాయి ఏమంటోందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ గోలలో డాక్టరు మాత్రం మహారాజులా తిరుగుతున్నాడు. ఒకామె ఏదో అరిచి చెబితే నవ్వి జవాబిచ్చాడు. సూపర్‌వైజరు దూరం నుంచి అరిస్తే చెయ్యెత్తాడు. నేను గొంతు చించుకుని, "నీ డబ్బా తెచ్చా, మీ ఆవిడకి వీలుపడలేదు" అంటే, "ఆవిడకి ఒంట్లో బానే ఉందా పిన్నిగారూ?" అని అడిగాడు.

అంత గోలలో వినబడినవాడికి నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో వినబడదా? నా మనసు మారిపోయింది. ఇది పొగరే అనుకుంటూ ఎండలో నడిచొచ్చాను. దారిలో ఆమె పక్షాన అతన్ని ఏమేమి తిట్టాలో అన్నీ వరుసగా పెట్టుకున్నాను.

అయినా ఒక మనిషి కాపురం కదా, ఇంకొక్కసారి చూడాలనిపించింది. ఈసారి పరీక్ష పెట్టింది ఆమె. టెయిలరు, మెకానిక్కు ఉన్న ఇంట్లో తప్ప ఇటువంటి పరీక్ష ఎవరికీ తట్టదు. అతను ముందుగదిలో బల్ల మీద మోచేతులు ఆనించి ఏదో విప్పుతున్నాడు. ఆమె వెనకగదిలో తన మిషన్ కింద, దారం కండె ఉండే బాబిన్ దగ్గరి చిన్న స్క్రూను అర చుట్టు వదులు చేసింది. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆమె తొక్కడం మొదలుపెట్టింది. నాకైతే ఎప్పటి చప్పుడులాగే ఉంది. పది కుట్లు పడ్డాయో లేదో, ముందుగదిలోంచి అదే మెత్తని గొంతు వచ్చింది.

"బాబిన్ కింద స్క్రూ వదులైంది. బిగించుకో. లేకపోతే దారం తెగుతుంది."

ఆమె కాలు ఆగింది. పేదవాళ్ల ఇంట్లో దీపం ఆరినట్టు ముఖం ఆరిపోయింది. "చూశారా పిన్నిగారూ," అంది. "ఆ గదిలోకి అర చుట్టు స్క్రూ వినబడింది. పక్కన కూర్చుని నేను అడిగితే వినబడలేదు. ఇంకేం తేల్చాలి?"

ఏమీ లేదు. నేను లేచి ముందుగదిలోకి వెళ్లాను. అతను పనాపి బిస్కట్లు తింటున్నాడు. నేను వెనక నిలబడి అనాల్సినవన్నీ అనేశాను. కట్టుకున్నదాన్ని పురుగులా చూస్తావా అన్నాను, మిషన్లకున్న విలువ మనిషికి లేదా అన్నాను. అతను బిస్కట్టు నమిలి, ఇంకోటి తీసుకున్నాడు. అంత మొండితనం నేను నా జన్మలో చూడలేదు. దిగి వచ్చి ఆ పూట మా ఆయనతో కూడా మాట్లాడలేదు. ఆయన గమనించలేదు.

ఆ తర్వాత పది రోజులు పైవాటాలో పెట్టె మూత తెరుచుకోవడం, మూసుకోవడం. ఒప్పుకున్న పనంతా ముగించాలని ఆమె మధ్యాహ్నాలు కూడా మిషన్ తొక్కేది. మా ఆయన నిద్ర పాడైపోతోందని సణిగాడు. ఆమె ఉండేదే ఇంకో వారం కదా, గొడవెందుకని, నేను మా పాత తివాచీ నాలుగు మడతలు పెట్టి తీసుకెళ్లి ఆమె మిషన్ కాళ్ల కింద వేయించాను. చప్పుడు తగ్గింది. పూర్తిగా పోలేదు. కిటికీ తెరిస్తే వినబడుతూనే ఉంటుంది, కానీ మా కప్పు అదరడం మానేసింది.

మూడో రోజు నాలుగింటికి డాక్టరు మా గుమ్మంలో నిలబడ్డాడు. నేను ముఖం ముడుచుకుని, "ఏం?" అన్నాను.

"పిన్నిగారూ, మా ఆవిడకి ఒంట్లో బాలేదా? మీకేమైనా చెప్పిందా?"

"నీకెందుకొచ్చింది ఆ అనుమానం?"

అతను నా ముఖం వైపే చూస్తున్నాడు. "మూడు రోజులైంది, మిషన్ ముట్టుకోలేదు. ఎప్పుడూ అంతసేపు ఆపదు. ఇప్పుడూ కుట్టట్లేదు. పడుకుందేమో అని లోపలికి వెళ్లలేదు."

పైనుంచి మిషన్ చప్పుడు వస్తోంది. మా కిటికీ బార్లా తెరిచి ఉంది. టకటకటకటక, ఆగి, మళ్లీ టకటకటక. నేను అతని ముఖం చూశాను. ఆ చప్పుడు కింద నిలబడి, చప్పుడు లేదేమని అడుగుతున్నాడు. నటన కాదు. ఇంత బాగా నటించగలిగితే ఆ కంపెనీలో ఎందుకుంటాడు?

నాకు నోట మాట రాలేదు. నోట మాట రాకపోవడం నాకు కొత్త.

"పిన్నిగారూ?"

"పడుకోలేదు. పనిలో ఉందేమో. నువ్వెళ్లు, నేను చూస్తా" అన్నాను. చెప్పేయాలని నాలుక చివర దాకా వచ్చింది. కానీ ఆ మాట నేను చెప్పాల్సింది కాదనిపించింది. ఎవరితో కలిసి పాతికేళ్లు తిన్నాడో ఆ మనిషి చెప్పాలి. అతను వీధిలోకి వెళ్లాక ఒక్క ఉదుటున మెట్లెక్కాను.

చెప్పిందంతా విని ఆమె మిషన్ మీద చేయి పెట్టి కూర్చుంది. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖంలో కోపం వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది.

"అయితే స్క్రూ ఎలా వినబడింది?"

ఇద్దరం నేల వైపు చూశాం. చెక్క పలకలు ఆ గదిలోంచి ఈ గదిలోకి ఒకే వరుసలో పరిచి ఉన్నాయి. బల్ల కాళ్లు వాటి మీదే. మిషన్ కాళ్ల కింద ఇప్పుడు నా తివాచీ ఉంది.

"అయితే నేను ఆరు నెలలు ఎవరి మీద కోపం పెట్టుకున్నట్టు పిన్నిగారూ?" అంది. మళ్లీ తనే, "ఆయనకి ఎలా చెప్పను? మీకు చెముడొచ్చిందని ఎలా అనను? ఆయన దగ్గర ఉన్న ఆస్తే ఆ చెవులు. ఎవరికైనా తెలిస్తే ఒక్క మిషన్ తెస్తారా?"

"చెప్పకపోతే నువ్వెళ్లిపోవాలి. ఇంకా నాలుగు రోజులే కదా" అన్నాను. ఆ ఒక్క మాట మాత్రం నేను సరిగ్గా అన్నాను.

అతను తిరిగొచ్చేసరికి ఆమె ముందుగదిలో బల్లకు అవతల, అతనికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. నేను కిందకి వెళ్తున్నానని చెప్పి మెట్ల మీద కూర్చున్నాను. కిందకి వెళ్లినట్టే కదా అది.

"మీతో ఒక మాట," అంది ఆమె పెద్దగా.

"ఎందుకంత గట్టిగా? ఒంట్లో ఎలా ఉంది?"

"నాకు బానే ఉంది. మీ చెవులే బాలేవేమో అనిపిస్తోంది."

అతను నవ్వాడు. "నా చెవులా? ఏ మిషన్ అయినా పెట్టు. ఇదిగో." స్క్రూడ్రైవర్ బల్ల మీద తగిలిన చప్పుడు వచ్చింది.

"అది పక్కన పెట్టండి. ఎముకకి పెట్టుకోకండి. ఇలా రండి, నా గదిలోకి. అటు తిరిగి గోడ వైపు చూడండి."

"ఇదేం ఆట?"

"చూడండి ముందు."

నేను రెండు మెట్లు పైకి జరిగాను. గుమ్మంలోంచి కనబడుతోంది. అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె మిషన్ తొక్కుతోంది. చక్రం గిర్రున తిరుగుతోంది, సూది పరుగెడుతోంది.

"తిరుగుతోందా?" అని అరిచింది.

"ఏంటి తిరిగేది? మొదలుపెట్టు."

ఆమె తొక్కుతూనే ఉంది. పెదవి కొరుక్కుంటోంది. అతను విసుగొచ్చి వెనక్కి తిరిగాడు. తిరుగుతున్న చక్రాన్ని చూశాడు. దగ్గరికొచ్చి మిషన్ మీద వేళ్లు పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. వేడి పాత్ర ముట్టుకున్నట్టు తీశాడు. కిందకు వంగి తివాచీ చూశాడు. దాన్ని లాగేసి, చెక్క మీద పాదం నొక్కి నిలబడ్డాడు. ఆమె తొక్కడం ఆపలేదు. అతని ముఖంలో ఏదో వెలిగి, వెంటనే భయం వచ్చింది.

"ఇదే కదా నేను వినేది," అన్నాడు. "ఇది వినడం కాదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మరి ఇన్నాళ్లూ నేను విన్నదేంటి?"

అతను స్టూలు మీద కూలబడ్డాడు. "నువ్వు నాతో మాట్లాడ్డం తగ్గించేశావనుకున్నా," అన్నాడు. "రెండేళ్ల నుంచి. విసుగొచ్చిందేమో, అడిగితే ఇంకా విసుక్కుంటావేమో అని ఊరుకున్నా. పెట్టె సర్దుతుంటే చూశా. అదీ అడగలేదు."

"నేను మూడుసార్లు చెప్పా. అక్క రమ్మంటోంది, వెళ్లిపోనా అని."

"ఎప్పుడు?"

"ఆరు నెలల కిందట. మీరు తింటుంటే." ఆమె కుర్చీ ముందుకు లాగి, అతని ముఖంలో ముఖం పెట్టి, ఒక్కో మాట విడివిడిగా అడిగింది. "ఇప్పుడు అడుగుతున్నా. వెళ్లనా, వద్దా?"

విన్నాడు. విన్నాడని నాకు మెట్ల మీంచే తెలుస్తోంది. కళ్లు ఆమె పెదవుల మీదే ఉన్నాయి. అయినా జవాబు చెప్పలేదు. లేచి ముందుగదిలోకి వెళ్లి, బల్ల మీద సామాను సర్దడం మొదలుపెట్టాడు.

ఆమె మెట్ల మీదికొచ్చింది. నేను అక్కడ ఉన్నందుకు ఏమీ అనుకోలేదు. "ఈసారి వినబడింది కదా పిన్నిగారూ," అంది. "ఇప్పుడేమనుకోవాలి? ఆ మూడుసార్లకైతే చెవులున్నాయి, వాటి మీద నెట్టేయడానికి."

నాలుగోసారి నా మనసు మారబోయి, ఎటు మారాలో తెలియక మధ్యలో ఆగిపోయింది.

అయినా చెవి డాక్టరు దగ్గరికి అతను తనే వచ్చాడు. ముగ్గురం వెళ్లాం. నన్నెవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. అక్కడ గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు పెద్ద డిప్పలు తగిలించి, చప్పుడు వినబడితే బటన్ నొక్కమంది పరీక్ష చేసే అమ్మాయి. అతను బల్ల మీద చేతులు పెడితే తీయించింది. చాలాసేపు బటన్ నొక్కలేదు. బయట బెంచీ మీద భార్య కొంగు చివర మెలిపెడుతోంది. తర్వాత ఆ అమ్మాయి డిప్పలు తీసేసి, చెవి వెనక ఎముకకు చిన్న బిళ్ల ఆనించింది. ఇక చూడాలి. మిషన్ సూది పడినట్టు టకటకా నొక్కుతున్నాడు, ఒక్కటి వదల్లేదు.

డాక్టరుగారు కాగితం చూపించి చెప్పారు. చెవి లోపల మూడు చిన్న ఎముకలుంటాయి, గాలిలో వచ్చిన మాటను లోపలికి మోసేది అవే. అందులో ఒకటి బిగుసుకుపోయింది. లోపలి నరం బాగానే ఉంది. అందుకే ఎముకకు ఆనించిన చప్పుడు వినబడుతుంది. తన గొంతు తనకు లోపల మోగుతుంది కాబట్టి మెత్తగా మాట్లాడతాడు. నములుతుంటే ఆ నమిలే చప్పుడే మోగి బయటి మాట అందదు. గోలలో అందరూ అరుస్తారు కాబట్టి అక్కడే నయం.

నా తికమకలన్నీ ఆ మనిషి ఒక్కొక్కటిగా విప్పి బల్ల మీద పెడుతుంటే నాకు సంతోషం కలగలేదు. బిస్కట్లు తింటున్నవాణ్ణి వెనక నిలబడి తిట్టిన తిట్లు గుర్తొచ్చి నేల చూపులు చూశాను.

"షాఫ్టు జామైనట్టా సార్?" అని అడిగాడు మా డాక్టరు.

"అలాగే అనుకోండి. చెవికి మిషన్ పెట్టుకుంటే వినబడుతుంది. చిన్న ఆపరేషన్ కూడా ఉంది, ఆలోచించుకుని రండి."

బయటికొచ్చి మెట్ల దగ్గర అతను ఆగాడు. ఆమె అతని ఎదురుగా నిలబడింది. అలా నిలబడడం నాలుగు రోజుల్లోనే అలవాటైంది.

"ఆ రోజు అడిగావు కదా," అన్నాడు. "ఎందుకు చెప్పలేదంటే, చెవుల్లేని మెకానిక్కు దగ్గర ఉండమని ఏ మొహంతో అడగను? అక్క దగ్గర షాపుంది. నా దగ్గర ఏముంటుందో తెలియదు."

"అది కాదు నేనడిగింది. వెళ్లనా, వద్దా అని."

"ఎన్నిసార్లు అడిగావన్నావు?"

"మూడుసార్లు. మొన్నటితో నాలుగు."

"నాలుగింటికీ వద్దనే."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని రోడ్డు దాటింది. అతను ఆమె వెనక, నేను అతని వెనక.

ఆ సాయంత్రం నేను గలీబుల లెక్క మిగిలిందన్న వంకతో పైకెళ్లాను. ఆమె అక్కకు ఫోన్ చేస్తోంది. కిటికీ దగ్గర నిలబడి, అటు తిరిగి మాట్లాడుతోంది. అతను బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి, ఆమెకూ కిటికీకీ మధ్య దూరి నిలబడ్డాడు.

"అటు తిరిగి చెప్పకు. ఏం చెబుతున్నావో నాకూ తెలియాలి."

ఆమె అతని ముఖంలోకి చూస్తూనే ఫోన్‌లో అంది. "లేదక్కా, ఉండిపోవడానికి రాను. కావాలంటే వారానికి రెండు రోజులు వచ్చి కటింగ్ చేసి పోతా."

అవతల అక్క గొంతు నాకూ వినబడేంత పెద్దది. "మరి ఆరు నెలలుగా వస్తా వస్తా అన్నావు. మీ ఆయన వద్దన్నాడా?"

"అన్నారు."

"ఎప్పుడు?"

"ఆరు నెలల కిందట అడిగితే ఇవాళ అన్నారు."

"నీకు మతి పోయిందా?" అంది అక్క. అతను ఆమె పెదవులు చూస్తూ నిలబడ్డాడు. అక్క ఏమందో అతనికి అందలేదు. "ఏమంటోంది?" అని అడిగాడు మెత్తగా. ఆమె ఫోన్ పక్కకు పెట్టి, అక్క అన్నది మాట మాటకూ అతనికి చెప్పింది. అతను కాసేపు ఆలోచించి, "నాకూ అదే అనుమానం" అన్నాడు.